గృహహింస: స్టేషన్‌కు పోవాలా, సంస్థకు చెప్పాలా? అనంతపురం జిల్లాలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లకు తోడుగా నిలిచే స్వచ్ఛంద సంస్థవాళ్లం మేము. పొదుపు సంఘాల మీటింగుల్లో, పెద్దాసుపత్రి వరండాలో, స్టేషన్ గేటు బయట మమ్మల్ని అడిగే ప్రశ్నలివి. అడిగేవాళ్లలో దెబ్బలు తిన్న ఆడవాళ్లుంటారు, వాళ్ల అమ్మానాన్నలుంటారు, పక్కింటివాళ్లుంటారు. ఒక్కోసారి కొత్తగా డ్యూటీలో చేరిన కానిస్టేబుళ్లు కూడా అడుగుతారు. చట్టం చెప్పేది చట్టంగానే రాశాం. మా అభిప్రాయం కలిసినచోట అది మాదేనని మీకు తెలిసిపోతుంది.

ఇప్పుడే కొడుతున్నాడు. ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

112కు. సంస్థకు, అంటే మాకు, కాదు. కొడుతున్న చేతిని ఆపే అధికారం, ఆ రాత్రి మీ గుమ్మం దాకా వచ్చే వాహనం పోలీసులకే ఉన్నాయి. ఊరు, వీధి చెప్పి, దగ్గర్లో అందరికీ తెలిసిన గుర్తొకటి చెప్పండి: గుడో, వాటర్ ట్యాంకో, రేషన్ షాపో. స్మార్ట్‌ఫోన్ ఉంటే 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్ల రక్షణ కోసం తెచ్చిన శక్తి యాప్‌ను ముందే వేసి పెట్టుకోండి. దెబ్బలు ఆగి కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికాక 181కు చేయండి. అది మహిళా హెల్ప్‌లైన్, రాత్రీపగలూ ఎత్తుతారు. ఆశ్రయం, లాయరు, ఆసుపత్రి వంటివి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

పోలీసులుండగా మధ్యలో సంస్థ ఎందుకు?

పోలీసులు కేసు కడతారు, నిందితుణ్ణి పిలిపిస్తారు, చార్జిషీటు వేస్తారు. అయితే ఆ ఆడమనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి, రేపు పిల్లలు బడికి ఎక్కడి నుంచి పోవాలి, నెల తర్వాత అత్త ఫోన్ చేసి ఏడిస్తే ఏం చెప్పాలి అన్నవి స్టేషన్ డైరీలో పట్టే సంగతులు కావు. ఎస్సై బదిలీ అవుతాడు, బందోబస్తుకు పోతాడు, ఎన్నికలొస్తే ఆరు వారాలు కనపడడు. ఈ ఖాళీ పూరించడానికే సంస్థ. అలాగే సంస్థ చేయలేని పనులూ ఉన్నాయి. మేము ఎవర్నీ అరెస్టు చేయలేం, ఇల్లు సోదా చేయలేం, ఎవరి దగ్గరా ఏదీ స్వాధీనం చేసుకోలేం.

ఇద్దరూ కలిసి పనిచేయడం దయాదాక్షిణ్యం మీద నడిచేది కాదు. 2005 గృహహింస చట్టం కింద 2006లో చేసిన నిబంధనల్లో తొమ్మిదోది చూడండి. ఫలానా ఇంట్లో హింస జరుగుతోందని, లేదా జరగబోతోందని రక్షణాధికారికి (ఆ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) గానీ నమోదైన సంస్థకు గానీ ఫోన్‌లో నమ్మదగ్గ సమాచారం వస్తే, పరిస్థితి అత్యవసరమైతే వాళ్లు వెంటనే పోలీసుల సాయం కోరాలి. పోలీసులు వాళ్లతోపాటు ఆ ఇంటికి వెళ్లాలి. ‘వెళ్లవచ్చు’ అని కాదు, వెళ్లాలి అనే ఉంది. ఈ నిబంధన నకలు మా కార్యకర్తల సంచీలో ఎప్పుడూ ఉంటుంది, చాలా స్టేషన్లలో ఎవరూ చదివి ఉండరు కాబట్టి.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. ముంబై పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే సామాజిక కార్యకర్తలను కూర్చోబెట్టి మహిళల కోసం ప్రత్యేక విభాగం నడపడం 1984లోనే మొదలైంది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఆ పని చేపట్టింది. కుర్చీ పోలీసుల భవనంలో ఉన్నా, కార్యకర్త జవాబు చెప్పుకునేది వచ్చిన ఆడమనిషికే. నలభై ఏళ్లు దాటినా మన జిల్లాల్లో ఇంకా అందుకోలేనిది ఈ రెండో సగమే.

సంస్థ అంటే ఎవరు? బోర్డు పెట్టుకున్న ప్రతివాళ్లూ సంస్థేనా?

కాదు. అనంతపురంలో సంస్థ అనగానే చాలామందికి 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ గుర్తొస్తుంది. దానితోపాటు చిన్నాపెద్దా సంఘాలు చాలా ఉన్నాయి. అయితే గృహహింస చట్టం ‘సేవా ప్రదాత’ అనేది రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఆ చట్టం కింద నమోదైన సంస్థనే. ఆ నమోదు ఉన్న సంస్థ గృహహింస ఘటన నివేదిక రాసి మెజిస్ట్రేటుకు, రక్షణాధికారికి పంపవచ్చు, వైద్య పరీక్ష చేయించవచ్చు, ఆశ్రయం చూపించవచ్చు. మంచి ఉద్దేశంతో చట్టం ప్రకారం చేసిన పనికి ఆ సంస్థ మీద దావా గానీ కేసు గానీ నిలవదు. నమోదు లేని సంఘం మీ పక్కన నిలబడవచ్చు, దరఖాస్తు రాయడంలో సాయం చేయవచ్చు, కానీ దాని కాగితానికి ఆ విలువ రాదు. జిల్లాలో ఎవరెవరు నమోదయ్యారో మహిళా శిశు సంక్షేమ శాఖ పీడీ (ప్రాజెక్ట్ డైరెక్టర్) ఆఫీసులో అడగండి.

కారుకు ‘మానవ హక్కులు’ స్టిక్కరు, మెడలో ఐడీ కార్డు వేసుకుని స్టేషన్ దగ్గర తిరిగేవాళ్లతో జాగ్రత్త. కేసు కట్టించడానికి ఇంత, కట్టకుండా ఆపడానికి ఇంత అని రెండువైపులా తీసుకుంటారు. వాళ్ల వల్ల నిజంగా పనిచేసేవాళ్లను కూడా రైటర్, అంటే స్టేషన్‌లో రాతపని చూసే పోలీసు, అనుమానంగా చూస్తాడు.

డబ్బులివ్వాలా?

వద్దు. సంస్థకు వద్దు, స్టేషన్‌లో వద్దు. లాయరు కూడా ఉచితమే. 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయ పరిమితి లేదు. టీచరైనా, కూలికి పోయేవాళ్లయినా అర్హులే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

‘రేపు ఇద్దరూ రండి, కౌన్సెలింగ్ చేస్తాం’ అంటున్నారు. పోవాలా?

అన్నింటికంటే ఎక్కువగా అడిగేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. భార్యాభర్తలను ఒకే బెంచీ మీద కూర్చోబెడతారు. అతనివైపు నలుగురు పెద్దమనుషులు వస్తారు, అప్పటికే ఎవరో నాయకుడి ఫోన్ సీఐకి వచ్చి ఉంటుంది. ఆమెవైపు తల్లి ఒక్కతే, కొంగు నోట్లో కుక్కుకుని. ‘సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా’ అంటాడు ఒక పెద్దాయన. ‘నువ్వు నోరు చేసుకోకపోతే వాడెందుకు చెయ్యెత్తుతాడు’ అంటాడు ఇంకొకాయన. చివరికి తెల్లకాగితం మీద ‘ఇకమీదట మేమిద్దరం గొడవలు పడకుండా కాపురం చేసుకుంటాం’ అని రాసి ఇద్దరిచేతా సంతకం పెట్టిస్తారు. దెబ్బలు తిన్నది ఆమె, హామీ ఇచ్చింది కూడా ఆమె. ఆ కాగితం నకలు మాత్రం ఆమెకివ్వరు.

దీన్ని కౌన్సెలింగ్ అనలేం. స్టేషన్‌లో పెట్టిన పంచాయితీ ఇది. గృహహింస చట్టంలో కౌన్సెలింగ్‌కు చోటుంది, కానీ దాన్ని ఆదేశించేది మెజిస్ట్రేటు, దానికి పద్ధతి ఉంది. తిరిగి హింసకు పాల్పడనని అతను హామీ ఇవ్వాలి. ఎందుకు కొట్టానో సమర్థించుకోవడానికి ఆ గదిలో అతనికి వీల్లేదు. కూర బాగా లేదనో, ఫోన్‌లో మాట్లాడుతోందనో అతను మొదలుపెడితే కౌన్సెలర్ అక్కడే ఆపాలి. తగాదాలో ఎవరివైపైనా సంబంధం ఉన్నవాళ్లు కౌన్సెలర్‌గా కూర్చోకూడదు. అంటే అతని బాబాయో, ఊరి పెద్దో పనికిరారు.

ఎఫ్ఐఆర్ కట్టాలంటే ముందు కౌన్సెలింగ్ అయి తీరాలన్న షరతు చట్టంలో ఎక్కడా లేదు. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు, కుటుంబ తగాదాల్లో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చంది నిజమే. అయితే ఆ విచారణ కాగ్నిజబుల్ నేరం (కోర్టు అనుమతి లేకుండా పోలీసులే దర్యాప్తు చేయగల నేరం) జరిగినట్టు కనబడుతోందా లేదా అని చూడడానికి, అదీ గడువులోగా. రాజీ కుదర్చడానికి కాదు. పాత సీఆర్‌పీసీ బదులు ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు, డీఎస్పీ అనుమతితో చేసే ప్రాథమిక విచారణకు 14 రోజులు గడువు.

పోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, ఎస్సైది కాదు, మాదీ కాదు. కాపురం నిలవాలని కోరుకునేవాళ్లు చాలామంది ఉంటారు, అందులో తప్పులేదు. పోయేటట్టయితే మీ పక్కన సంస్థ మనిషి ఒకరు ఉండాలి. మీతో విడిగా, అతనితో విడిగా మాట్లాడమని అడగండి. హామీ కాగితం మీద అతను ఒక్కడే సంతకం చేయాలి. మళ్లీ ఎప్పుడు కలవాలో తేదీ వేయించి, నకలు తీసుకోండి. ఎముక విరిగినా, గొంతు నులిమినా, కిరోసిన్ సీసా చేత్తో పట్టుకున్నా ఇక కూర్చోబెట్టి మాట్లాడే దశ దాటిపోయినట్టే. ముందు కేసు. ఇందులో మేము స్టేషన్‌తో గొడవపడడానికైనా వెనకాడం.

ఫిర్యాదు ఎలా రాయాలి? మాకు రాయడం రాదు.

నోటితో చెప్పినా చాలు. స్టేషన్‌లో రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ ద్వారానో మెయిల్ ద్వారానో పంపితే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం చేయాలి.

సంస్థ కార్యకర్త అక్కరకొచ్చేది ఇక్కడే. ‘నా భర్త రోజూ తాగి వచ్చి గొడవ చేస్తున్నాడు, తగిన చర్య తీసుకోగలరు’ అని రాస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఇలా రాయాలి: ‘శనివారం రాత్రి పదిన్నరకు, నా వారం కూలి డబ్బులివ్వలేదని, చపాతీ కర్రతో ఎడమ మోచేతి మీద రెండు దెబ్బలు కొట్టాడు. మా పెద్దమ్మాయి అడ్డం వస్తే గోడకేసి తోశాడు. అరుపులు విని ఎదురింటామె వచ్చి తలుపు తట్టింది. నెలరోజుల కిందట కూడా ఇలాగే కొడితే సర్కారు ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నాను.’ ఇప్పుడు ఇందులో రోజుంది, గంటుంది, కొట్టిన వస్తువుంది, ఒంటి మీద ఎక్కడో ఉంది, సాక్షి ఉంది, పాత ఘటన ఉంది. ఆసుపత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌లో ఎడమ మోచెయ్యి అని వస్తే రెండూ సరిపోతాయి. కొట్టిన వస్తువేమిటన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది.

జరగనిది చేర్చొద్దు. కేసు గట్టిగా ఉంటుందని కట్నం అడిగారని, ఊళ్లో లేని ఆడబిడ్డ కూడా కొట్టిందని రాయించే సలహాదారులు ప్రతి ఊళ్లో ఉంటారు. కోర్టులో అవతలి లాయరు క్రాస్ ప్రశ్నలు అడిగేటప్పుడు ఆ ఒక్క వాక్యం పట్టుకుని నిజమైన దెబ్బల్ని కూడా అబద్ధమంటారు. మేము రాసింది ఆమెకు రెండుసార్లు చదివి వినిపిస్తాం. ‘ఇది నేననలేదక్కా’ అంటే ఆ మాట కొట్టేస్తాం.

ఆసుపత్రికి ముందు పోవాలా, స్టేషన్‌కా?

దెబ్బ పెద్దదైతే ఆసుపత్రికి. ‘జారి పడ్డాను’ అని మాత్రం చెప్పకండి. ఓపీ చీటీ మీద ఆ మాట ఎక్కితే తర్వాత దాన్ని చెరిపేయడం కష్టం. ఎవరు కొట్టారో డాక్టరుకు చెబితే ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు సంబంధించిన వైద్య నమోదు) రాసి స్టేషన్‌కు తెలియజేస్తారు. ఫిర్యాదు ఇవ్వలేదని వైద్యం ఆపకూడదు. గాయాల ఫొటోలు తీసిన ఫోన్‌ను అలాగే ఉంచండి, అమ్మేయకండి, రీసెట్ చేయకండి. కోర్టులో ఫొటో నిలవాలంటే ఆ ఫోన్‌కు సంబంధించిన సర్టిఫికెట్ కావాలి.

498ఏ, డీవీసీ ఒకటేనా?

కావు. 498ఏ అంటే భర్త, అత్తింటివాళ్లు పెట్టే క్రూర హింస మీద పాత ఐపీసీ కింద పెట్టే నేరం కేసు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. స్టేషన్‌లో ఇప్పటికీ అందరూ ఫోర్ నైంటీ ఎయిట్ అనే అంటారు. మూడేళ్ల దాకా జైలు, జరిమానా. డీవీసీ అంటే గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు ముందు వేసే దరఖాస్తు. దాని లక్ష్యం అతన్ని జైల్లో వేయడం కాదు, మీకు రక్షణ. కొట్టకూడదని ఆర్డరు, ఇంట్లో ఉండే హక్కు, నెలనెలా ఖర్చులు, పిల్లల సంరక్షణ, నష్టపరిహారం ఇందులో వస్తాయి. కొట్టడంతోపాటు తిట్టడం, అవమానించడం, జీతం లాక్కోవడం, తిండికి డబ్బులివ్వకపోవడం కూడా ఇందులో హింసే.

రెండూ ఒకేసారి వేయవచ్చు. డీవీసీ మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు, తీర్పు మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లోపు రావాలని చట్టంలో రాసి ఉంది. కోర్టు మెట్లెక్కినవాళ్లకు ఆ 60 రోజులు ఎంత సాగుతాయో తెలుసు. అందుకే మొదటి రోజే మధ్యంతర ఆర్డరు (తీర్పు వచ్చేలోపు అమలయ్యే ఆర్డరు) అడగమని మీ లాయరుకు గట్టిగా చెప్పండి. జరిగి సంవత్సరం దాటితే డీవీసీ పనికిరాదని కొందరంటారు. అది సరికాదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

మీ హక్కులు మీకు చెప్పాల్సిన బాధ్యత స్టేషన్‌కు ఉంది. చట్టంలో ఐదో సెక్షన్ ప్రకారం రక్షణాధికారి ఉన్నారని, సంస్థల సేవలున్నాయని, ఉచిత లాయరు దొరుకుతారని, ఆర్డర్లు అడగవచ్చని, నేరం కేసు కూడా పెట్టవచ్చని పోలీసు అధికారి మీకు తెలియజేయాలి. ఇన్ని చెప్పే ఓపిక ఎస్సైకి లేకపోతే సంస్థ చెబుతుంది. ఐదో సెక్షన్ ఆ బాధ్యత నమోదైన సంస్థ మీద కూడా పెట్టింది.

ఇంతకీ రక్షణాధికారి ఎక్కడుంటారు?

మహిళా శిశు సంక్షేమ శాఖలో. పీడీ ఆఫీసులోనో, దగ్గర్లోని ఐసీడీఎస్ ఆఫీసులోనో అడగండి. అంగన్‌వాడీ టీచర్‌ను అడిగినా దారి చెబుతుంది. జిల్లా, తాలూకా స్థాయిలో ఈ అధికారులను నియమించాలని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రాలకు ఆరు వారాల గడువిచ్చింది. చట్టం వచ్చిన ఇరవై ఏళ్లకు కూడా కోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి మీకే అర్థమవుతుంది.

కేసు కట్టకుండా తిప్పుతున్నారు. ఏం చేయాలి?

ముందు, ఇచ్చిన ఫిర్యాదుకు రసీదు తీసుకోండి. తర్వాత అదే ఫిర్యాదును స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. సోమవారం జిల్లా పోలీసు కార్యాలయంలో జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలో ఇచ్చినా ఫర్వాలేదు, కానీ పోస్టు రసీదు ఉంటే మేలు. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటు దగ్గరికి. డీవీసీకైతే స్టేషన్ గడప తొక్కాల్సిన పనే లేదు, నేరుగా వేయవచ్చు.

అత్తగారిల్లు బళ్లారి. పుట్టినిల్లు ఉరవకొండ. అక్కడికే పోయి కేసు పెట్టాలా?

అక్కర్లేదు. మన జిల్లాలో సగం సంబంధాలు కర్ణాటకవైపే. బెంగళూరుకు వలస పోయి, అక్కడ దెబ్బలు తిని, పిల్లలతో రాత్రి బస్సెక్కి వచ్చేసినవాళ్లూ తక్కువేం కాదు. ‘నేరం జరిగింది అక్కడ, అక్కడికే పో’ అనడానికి వీల్లేదు. హింస భరించలేక ఎక్కడ తలదాచుకుంటున్నారో అక్కడ కూడా 498ఏ కేసు పెట్టవచ్చని 2019 ఏప్రిల్‌లో రూపాలీ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి మెజిస్ట్రేటు దగ్గర డీవీసీ వేయవచ్చు. ఏదీ తేలకపోతే జీరో ఎఫ్ఐఆర్ ఉండనే ఉంది. ఏ స్టేషన్‌లోనైనా కట్టి, సంబంధిత స్టేషన్‌కు పంపించాలి.

ఇదే ప్రశ్న కదిరి, ధర్మవరం, హిందూపురంవాళ్లు ఇంకోలా అడుగుతారు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక వాళ్ల ఎస్పీ ఉండేది పుట్టపర్తిలో. పాత అలవాటుకొద్దీ అనంతపురం వచ్చేస్తే, వచ్చిన చార్జీలు వృథా కాకుండా ఇక్కడే ఫిర్యాదు తీసుకోమని అడగండి. వెనక్కి పంపితే మాకు చెప్పండి.

కేసు పెట్టాం కదా, అరెస్టెందుకు చేయలేదు?

ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో అరెస్టు అవసరమేమిటో పోలీసులు కారణాలు రాసుకోవాలని, లేకపోతే నోటీసిచ్చి పిలిపించాలని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. కాబట్టి నోటీసిచ్చి పంపేశారంటే ప్రతిసారీ లంచమని అనుకోనక్కర్లేదు. అయితే అతను మిమ్మల్ని బెదిరిస్తున్నా, సాక్షుల్ని లోబరచుకుంటున్నా ఆ సంగతి రాసిస్తే అదే అరెస్టుకు కారణమవుతుంది. నోటీసిచ్చిన రోజు రాత్రే అతను తాగొచ్చి మీ గుమ్మం ముందు నిలబడే అవకాశం ఎక్కువ. ఆ సాయంత్రం మిమ్మల్ని వేరే చోటికి మార్చే పని సంస్థది. నోటీసిచ్చే ముందు స్టేషన్ నుంచి ఒక్క ఫోన్ వస్తే ఆ పని సులువవుతుంది. కొందరు ఎస్సైలు చేస్తారు, కొందరు చేయరు. మేము ప్రతి సమావేశంలో అడిగేది ఈ ఒక్క ఫోన్ గురించే.

ఆ రాత్రి ఎక్కడ ఉండాలి?

జిల్లాకొకటి చొప్పున ఉండే వన్ స్టాప్ సెంటర్‌లో, అంటే సఖి కేంద్రంలో, అయిదు రోజుల దాకా ఉండవచ్చు. వైద్యం, పోలీసు సాయం, కౌన్సెలింగ్, లాయరు అక్కడి నుంచే చూస్తారు. అంతకంటే ఎక్కువ రోజులు కావాలంటే శక్తి సదన్, ఒకప్పుడు స్వధార్ గృహం అనేవాళ్లు. 181 ద్వారా గానీ, పోలీసుల ద్వారా గానీ చేరవచ్చు. ఆడపిల్లలతో ఇబ్బంది లేదు. మగపిల్లాడు ఎదిగినవాడైతే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, వయసు పరిమితి ఉంటుంది. అర్ధరాత్రి తల్లిని లోపలికి, కొడుకుని బయటికి అంటే ఆ తల్లి మళ్లీ భర్త దగ్గరికే పోతుంది.

ఇల్లు అత్తపేరున ఉంది. నాకు హక్కుందా?

యాజమాన్యం వేరు, ఉండే హక్కు వేరు. కాపురమున్న ఇల్లు భర్త తల్లిదండ్రులదైనా అది ‘ఉమ్మడి నివాసం’ కావచ్చని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టప్రకారం తప్ప గెంటేయడానికి వీల్లేదు.

నా సామాన్లు, పిల్లల పుస్తకాలు అక్కడే ఉన్నాయి. ఎలా తెచ్చుకోవాలి?

ఒక్కరే పోవద్దు, అన్నదమ్ములను వెంటేసుకునీ పోవద్దు. రెండోది ఇంకా ప్రమాదం. అక్కడ చెయ్యి కలిస్తే మీమీదే కౌంటర్ కేసు తయారవుతుంది.

స్టేషన్‌లో చెప్పి ఒక కానిస్టేబుల్, వీలైతే మహిళా కానిస్టేబుల్, సంస్థ నుంచి ఒకరు, మీరు. ముందే జాబితా రాసుకోండి. లోపలికి పోయాక ఏడుపొస్తుంది, అత్త ఏదో అంటుంది, సగం మరిచిపోతారు. మా అనుభవంలో మరిచిపోయేవి ఇవి: పిల్లల టీసీలు, ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌పుస్తకం, పొదుపు సంఘం పుస్తకం, బంగారం తాకట్టు పెట్టిన రసీదు, మందుల చీటీలు. రాయదుర్గంవైపు ప్యాంట్లు కుట్టి బతికేవాళ్లకు కుట్టుమిషనే ప్రాణం, దాన్ని మొదట ఆటోలో ఎక్కించండి. తీసుకున్నవి రాసి ఇరువైపులా సంతకాలు పెట్టించే పని కార్యకర్త చూసుకుంటుంది. కానిస్టేబుల్ గుమ్మంలో నిలబడితే చాలు. స్త్రీధనం ఇవ్వనంటే లాక్కోకండి. దాన్ని తిరిగివ్వమని ఆదేశించే అధికారం, అందుకు పోలీసు సాయం ఇప్పించే అధికారం మెజిస్ట్రేటుకు ఉంది.

కోర్టు ఆర్డరిచ్చింది, అతను లెక్కచేయడం లేదు.

రక్షణ ఆర్డరు మీరితే అదే నేరం. ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఆర్డరు నకలు మీతోపాటు స్టేషన్‌కు, నివేదిక రాసిన సంస్థకు కూడా కోర్టు ఉచితంగా ఇవ్వాలి. అయినా స్టేషన్‌లో ‘మాకు రాలేదు’ అంటారు. అందుకని నకలొకటి మేము చేత్తో తీసుకుపోయి, ముద్ర వేయించుకుని వస్తాం. ఆర్డరుకు జిరాక్సులు తీసి ఒకటి మీ దగ్గర, ఒకటి మీ అమ్మ దగ్గర, ఒకటి సంస్థలో పెట్టండి.

పక్కింట్లో కొడుతున్నారు. నేను చెబితే నామీదికి వస్తుందా?

రక్షణాధికారికి మంచి ఉద్దేశంతో సమాచారమిచ్చినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని గృహహింస చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. 112కు చెప్పినా చాలు. అయితే 498ఏ కేసుకు మాత్రం బాధితురాలో, ఆమె బంధువులో ఫిర్యాదు ఇవ్వాలి. పక్కింటివాళ్లు గానీ సంస్థ గానీ ఇస్తే ఆ సెక్షన్ కింద కాగ్నిజబుల్ కాదు. మారణాయుధంతో కొట్టడం, ఎముకలు విరగ్గొట్టడం లాంటివాటికి ఆ అడ్డు లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది భర్త చేతి హింస చూసినవాళ్లు. దేశం మొత్తం మీద హింసకు గురైనవాళ్లలో ఎవరినైనా సాయం అడిగింది 14 శాతమే. మిగతావాళ్ల సంగతి తెలిసేది పక్కగోడకే.

భర్త పోలీసే అయితే?

వేరే స్టేషన్‌లో ఇవ్వండి, లేదా నేరుగా ఎస్పీకి. డీవీసీలో నెల ఖర్చులు ఆర్డరైతే జీతంలోంచి కోసి మీకివ్వమని అతని పైఅధికారిని కోర్టు ఆదేశించవచ్చు. ఈ ఒక్క విషయంలో ఉద్యోగి భార్య నయం, కూలివాడి భార్యకు ఆ దారి లేదు.

ముస్లింలకు, పెళ్లికాకుండా కలిసి ఉన్నవాళ్లకు, తల్లులకు ఈ చట్టం వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మతంతో పనిలేదు. కొడుకు కొడితే తల్లి, అన్న గెంటేస్తే చెల్లెలు, భార్యాభర్తల్లా కలిసి ఉన్నవాళ్లు, భర్త పోయిన కోడలు అందరూ వస్తారు. అత్త మీద, ఆడబిడ్డ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. 2016లో సుప్రీంకోర్టు ‘వయోజన పురుషుడు’ అన్న మాటను చట్టంలోంచి కొట్టేసింది.

విషయం బయటికి పొక్కదా? పేపర్లో వస్తే?

భయం న్యాయమైనదే. డీవీసీ విచారణ మూసిన గదిలో జరపమని కోర్టును అడగవచ్చు. మా బాధ కోర్టుతో కాదు, ఫోన్లతో. పోలీసులు, సంస్థలు, విలేకరులు ఉన్న వాట్సాప్ గ్రూపులో ‘బాధితురాలిని ఫలానా హోంలో చేర్చాం’ అని ఫొటోతో పెడితే గంటలో భర్త ఆ గేటు ముందుంటాడు. ఆశ్రయం ఎక్కడన్నది గ్రూపులో పెట్టకూడదు, ఎస్సైకి నోటితో చెప్పాలి. ఏ సంస్థ అయినా మీతో ఫొటో దిగాలంటే వద్దనండి. సాయం ఆపుతామంటే ఆ సంస్థ మారండి.

కొత్తగా చేరిన కార్యకర్తను. స్టేషన్‌లో ఎలా మెలగాలి?

గొంతు పెంచొద్దు, పైరవీ చేయొద్దు. ఎవరి ఫోన్ చేయించొద్దు, మీరు చేయిస్తే అవతలివాళ్లు ఇంకా పెద్ద ఫోన్ చేయిస్తారు. రైటర్‌తో మర్యాదగా ఉండండి, సగం పని అతని బల్ల మీదే ఆగుతుంది. పోయిన ప్రతిసారీ తేదీ, టైము, ఎవరు ఏమన్నారో మీ పుస్తకంలో రాసుకోండి. ఆమె మాట్లాడుతుంటే మీరు అందుకోకండి. తను ‘కేసొద్దు’ అంటే ఆ మాటా రాసుకుని, ప్రమాదం ఎంతుందో మాత్రం విడిగా చెప్పండి. నిబంధనల్లో అయిదో నమూనా భద్రతా ప్రణాళికది. రక్షణాధికారి దాన్ని నింపాలి. ఎవరికి ఫోన్ చేయాలి, బట్టల సంచి ఎవరింట్లో దాచాలి వంటివి ఆమెతో కూర్చుని మాట్లాడడానికి అది మంచి సాకు.

పోయినసారి రాజీపడి ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. మళ్లీ కొడుతున్నాడు. ఏ మొహం పెట్టుకుని పోవాలి?

అదే మొహంతో రండి. వెళ్లిన ఆడవాళ్లలో చాలామంది వెనక్కి తిరిగి, మళ్లీ వచ్చినవాళ్లే. కొత్తగా కొట్టినది కొత్త ఘటన, దానికి కొత్త ఫిర్యాదు. ‘అప్పుడు రాజీ అన్నావు కదా’ అని ఎస్సై విసుక్కున్నా ఫిర్యాదు తీసుకోకుండా ఉండలేడు. పైగా అప్పుడు అతను సంతకం చేసిన హామీ ఇప్పుడు మీకు సాక్ష్యం. ఆ కాగితం దొరకకపోతే పిటిషన్ రిజిస్టర్‌లో చూడమని సుమారు తేదీ చెప్పండి. సంస్థ ద్వారా పోయి ఉంటే నకలు మా ఫైల్లో ఉంటుంది, వచ్చి తీసుకుపోండి.